మన బావి నేర్పిన పాఠము

(సంఘ వార్షికోత్సవ సభలో పాఠశాల ప్రధానోపాధ్యాయులు గావించిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవమునాడు ప్రధానోపాధ్యాయుడు లేచి ఉత్తీర్ణుల సంఖ్యను, ఆటలలో వచ్చిన బహుమతులను, దాతల నామములను చదువుట మన సభకు వాడుక. ఆ నివేదిక అచ్చుపడి మీ చేతులలో నున్నది. దానిని మరల చదువక, ఈ సాయంకాలము మన పాఠశాల బావిని గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు అధ్యక్షులవారి అనుమతి గైకొంటిమి. ఇది ఉత్సవమునకు తగిన వినోదము కాదు. కాని దీనిలో మా తప్పు కొంత కలదు. మీరు చేయవలసిన నిర్ణయము కొంత కలదు. రెండును నలుగురి యెదుట చెప్పవలసినవే.

మేము ఇంటర్మీడియేటు చదివి, ఉపాధ్యాయ శిక్షణ పొంది, మూడు పదుల యేండ్లుగా బాలురచేత అక్షరములు దిద్దించుచున్న వారము. రసాయనశాస్త్రము నెరిగినవారము కాము. తెలిసినవారి నడిగి తెలిసికొన్నంత మేరకే ఇచట చెప్పెదము.

చెన్నపురి ఉత్తరభాగమున మన పెద్దలు వచ్చి స్థిరపడిన కాలమున, పాఠశాల కట్టుటకు ముందే ఈ బావిని త్రవ్వించిరని వినియున్నాము. ఇచట నేల ఇసుక నేల. పది పదునైదు అడుగుల లోతుననే నీరు పడును. నగరపు మంచినీటి కొళాయి వచ్చిన తరువాత త్రాగుటకు బావినీరు వాడుట మానివేసితిమి. పాత్రలు తోముటకు, పిల్లలు చేతులు కడుగుకొనుటకు మాత్రము బావియే ఆధారము. కొళాయినీరు రాని దినములలో వంటకును దానినే తోడుచుండిరి.

2023 డిసెంబరు మొదటివారములో మిచాంగ్ తుపాను మన పేటలను ముంచెను. నీరు తీసి, గదులు కడిగించి, బడి తెరచితిమి. 2024 సంక్రాంతి సెలవులు ముగిసిన వారమున మన వంటమ్మ కార్యాలయము గుమ్మమువద్ద నిలుచుండి, “పంతులుగారూ, బావినీళ్ళు కిరసనాయిలు కంపు కొడుతున్నాయి. గిన్నెలు రెండుసార్లు తోమినా పోవడం లేదు” అనెను.

ఆ వరదలలోనే ఎన్నూరు వైపున నీటితో చమురు కలిసి పడవలకును, వలలకును అంటుకొన్న వార్త పత్రికలలో చదివియుంటిమి. ఆ చమురు మన వీధికి రాలేదు. అయినను, “వరదనీటి వాసనయై యుండును, నాలుగు దినములు తోడి పారబోసిన పోవును” అని ఆమెతో చెప్పి పంపితిమి. ఫిబ్రవరిలో ఆమె మరల చెప్పెను. మార్చిలో మూడవమారు చెప్పెను. అపుడు మేము ఒక ప్లాస్టిక్ సీసాలో సగమువరకు నీరు పట్టించి, రెండు దినములు కిటికీయొద్ద ఉంచి, తీరిక దొరికినపుడు పరీక్షకు పంపితిమి. లవణములు, కాఠిన్యము, సూక్ష్మజీవులు మితిలోనే ఉన్నవనియు, క్లోరిను కలిపి వాడుకొనవచ్చుననియు కాగితము వచ్చెను. దానిని వంటమ్మకు చూపించితిమి. ఆమె కాగితమును చూచి, “కాగితానికి ముక్కు లేదు గదా, పంతులుగారూ!” అనెను.

మేము నవ్వితిమి. అది నవ్వవలసిన మాట కాదు.

జూలైలో అయిదవ తరగతి బాలిక యొకతె బకెటులోని నీటిపై ఇంద్రధనుస్సు రంగులు కనబడుచున్నవని తెచ్చి చూపెను. మన విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయిని ఒక పుల్లతో ఆ పొరను గీచిరి. ఇనుము గల నీటిలో పెరిగెడి సూక్ష్మజీవులవలన కూడ ఇట్టి పొర ఏర్పడునట. దానిని పుల్లతో కదలించినచో పగిలిన అద్దమువలె ముక్కలై నిలుచును. చమురు పొరయైనచో చీలి, వెంటనే మరల కలిసికొనును. మన బకెటులోని పొర కలిసికొనెను. ఆనాడే బావికి తాళము వేయించితిమి.

ఇపుడు మా పరీక్షలో జరిగిన తప్పును చెప్పెదము. ప్రయోగశాలవారు మేము అడిగినవానిని వెదకి, ఉన్నది ఉన్నట్లు చెప్పిరి. చమురును వెదకుమని మేము అడుగలేదు. వెదకనిది కాగితముమీదికి రాదు. అంతేగాక, చమురులోని తేలిక పదార్థములు గాలిలోనికి పారిపోవు స్వభావము గలవి. వాని పరీక్షకు శుభ్రమైన చిన్న గాజు సీసాను గాలిబుడగ యొక్కటియు లేకుండ నిండుగ నింపి, గట్టిగ మూతవేసి, మంచులో ఉంచి పంపవలెను. సగము నింపిన సీసాను ఎండ తగులు కిటికీలో ఉంచుట, దొంగను పట్టుకొని తలుపు తెరచి ఉంచుట వంటిది.

భూమిలో పడిన చమురు ఏమగునో బాలబాలికలు తెలిసికొందురుగాక. పెట్రోలును, డీజిలును నీటికంటె తేలిక. తొట్టినుండి కారినది ఇసుకగుండ క్రిందికి దిగి, భూగర్భజలపు పైభాగమును చేరి, అచట తేలుచు ప్రక్కలకు ప్రాకును. కొంత ఇసుక రేణువులకు అంటుకొని నిలుచును. కొంత ఆవిరియై నేల సందులలో తిరుగును. కొంత నీటిలో కరగి నీటితో పయనించును. వేసవిలో నీరు దిగినపుడు తేలెడి నూనెయు దిగి, క్రొత్త ఇసుకకు పూత పూయును. వానలకు నీరు పొంగినపుడు ఆ పూతనుండి మరల పైకి వచ్చును. ఏండ్ల తరబడి వాసన లేని బావి, ఒక పెద్దవాన తరువాత వాసన కొట్టుట ఇందువలననే. మిచాంగ్ వరద చమురును తేలేదు. నేలలో నున్నదానిని పైకెత్తినది.

నీటిలో కరగు పదార్థములలో బెంజీను మిక్కిలి చెడ్డది. అది రక్తపు కాన్సరును కలిగించునని వైద్యశాస్త్రము నిశ్చయించినది. త్రాగునీటి లీటరులో 10 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మితి నిర్ణయించినది. అమెరికా దేశపు మితి 5 మైక్రోగ్రాములే. మన దేశమున అమ్మెడి పెట్రోలులో బెంజీను నూటికి ఒక పాలు మించరాదు. ఇపుడు ఒక లెక్క చేయుదము. ఒక లీటరు పెట్రోలులో ఆ పాలు 10 మిల్లీలీటర్లు, తూకమున 8.8 గ్రాములు, అనగా 88 లక్షల మైక్రోగ్రాములు. లీటరుకు 10 చొప్పున పంచినచో 8 లక్షల 80 వేల లీటర్ల నీటిని మితికి చేర్చుటకు అది చాలును. ఒక్క లీటరు పెట్రోలు! డీజిలులో బెంజీను ఇంతకంటె చాల తక్కువ. కాని అదియు త్రాగదగినది కాదు.

ముక్కును గూర్చియు ఒక మాట. వాసన వచ్చినచో అది హెచ్చరిక. కాని వాసన లేనంతమాత్రమున నీరు మంచిదని చెప్పరాదు. బెంజీను వాసన మనకు తెలియు సరికే అది మితిని ఎన్నోరెట్లు దాటియుండును. మరిగించినచో పోవునని కొంద రనుకొందురు. అట్లు చేసినచో ఆ విషపుటావిరి వంటగదిలో నిండును. కావున అనుమానము గల నీటిని కాచుటయు వలదు, వడకట్టి సరిపుచ్చుకొనుటయు వలదు. మానివేయుటయే మార్గము.

ఇది మన బావికి మాత్రమే వచ్చిన కష్టము కాదు. మనకు పొరుగుననున్న తండయారుపేటలో 2013లో ఇండ్ల బోరుబావులనుండి చమురు కలిసిన నీరు వచ్చుట మీలో పలువురు కన్నులార చూచినదే. అచట కారినది తొట్టి కాదు, భూమిలో వేసిన చమురు గొట్టము. నేలను శుభ్రము చేయు వ్యవహారము హరిత న్యాయస్థానమువరకు పోయెను. అమెరికా దేశమున భూగర్భపు తొట్లకై 1984లో ప్రత్యేక శాసనము చేసిరి. అప్పటినుండి ఆ దేశమున ఇట్టి తొట్లనుండి లీకు జరిగినట్లు నిర్ధారణయైన చోట్లు 5 లక్షలకు పైబడినవి. పూత లేని ఉక్కు తొట్టి తడినేలలో త్రుప్పుపట్టి చిల్లులు పడుటయే వానిలో అనేకమునకు మూలము.

హవాయి దీవులలో జరిగినది మరియొకటి. ఓవాహు ద్వీపమున రెడ్‌హిల్ అను కొండను తొలిచి, రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా నౌకాదళమువారు 20 తొట్లను కట్టిరి. ఒక్కొక్కదానిలో 1 కోటి 25 లక్షల గ్యాలన్ల ఇంధనము పట్టును. తాగునీటి నిచ్చెడి భూగర్భజలము వానికి నూరు అడుగుల దిగువననే యున్నది. 2021 నవంబరు కడపట అచటి సైనిక కుటుంబములవారు కొళాయినీరు ఇంధనపు వాసన వచ్చుచున్నదని మొరపెట్టుకొనిరి. నీటికి భయము లేదని తొలుత చెప్పిన అధికారి కొలదిదినములకే క్షమాపణ కోరవలసివచ్చెను. ఆ నీటి సరఫరాపై ఆధారపడినవారు సుమారు 93 వేలమంది. విచారింపగా, ఆనాడు కారినది తొట్టి గోడనుండి కాదని తేలినది. ఆ సంవత్సరము మే నెలలో ఒలికిన ఇంధనము అగ్నిమాపకపు గొట్టములోనికి చేరి, ఎవరికిని తెలియక నెలల తరబడి నిలిచియుండి, నవంబరులో ఆ గొట్టము దెబ్బతినగా బయటపడెను. 2022 మార్చిలో ఆ తొట్ల నన్నిటిని మూసివేయుటకు నిర్ణయించిరి.

ఈ వృత్తాంతమున రెండు సంగతులు మా మనస్సునకు నాటినవి. మొదటిది, అచటను నీరు వాడుకొను ఇల్లాండ్రే ముందు కనుగొనిరి. పదవిలో నున్నవాడు తరువాత నమ్మెను. మన పాఠశాలలోను అదియే జరిగినది. రెండవది, అందరి కన్నులును చూచుచున్న చోటనే దోషము ఉండవలెనను నియమము లేదు. ఈ రెండవ పాఠము మనకు త్వరలోనే అక్కరకు వచ్చెను.

బావి మూసిన వార్త పొక్కగానే పేటలో అందరి వ్రేళ్ళును ఉత్తరపు వీధిలోని పెట్రోలు బంకువైపు చూపినవి. ఆ బంకు యజమాని మన సంఘమునకు చిరకాల మిత్రులు. మన తరగతులలోని బల్లలు వారు ఇచ్చినవే. ఈ సభలోనే ఉన్నారు. వారి అనుమతితోనే ఈ మాట చెప్పుచున్నాము. కార్యవర్గ సమావేశమున కొందరు, “స్నేహితునిపై నింద మోపనేల? ఊరకుందము” అనిరి. కొందరు, “వెంటనే ఫిర్యాదు వ్రాయుదము” అనిరి. మాకు రెండును సరిగా తోచలేదు. ఊరకుండుట పిల్లలకు ద్రోహము. కొలువకయే నిందించుట మిత్రునకు ద్రోహము. కావున కొలుచుటకు నిశ్చయించితిమి. మన పూర్వవిద్యార్థి యొకరు విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో పనిచేయుచున్నారు. వారు తమ ఆచార్యుల నడిగి మాకు దారి చూపిరి.

మొదటి పని వినుట. వంటమ్మను కూర్చుండబెట్టి, ఏనాడు వాసన హెచ్చెనో, ఏనాడు తగ్గెనో, వానకు ముందో తరువాతనో అడిగి వ్రాసికొంటిమి. ఆమె తిథులను, పండుగలను బట్టి చెప్పినది. మేము తేదీలు వేసికొంటిమి. ప్రక్క యిండ్లవారినిగూడ అడిగితిమి. వారి మాటలన్నియు ఒకచోట చేర్చి చూడగా, నీరు పొంగిన ప్రతిమారును వాసన హెచ్చినట్లు తేటపడెను.

రెండవ పని లెక్కలు చూచుట. బంకు యజమాని తాము అడుగబడకముందే తమ పుస్తకములు తెచ్చి బల్లపై పెట్టిరి. ప్రతి దినమును తొట్టిలో కొలకర్ర దించి మట్టము చూతురు. నిన్నటి నిలువకు నేడు దిగుమతియైనది కలిపి, అమ్మినది తీసివేసినచో మిగులవలసినంత మిగులవలెను. ఇందులో తొందరపాటు పనికిరాదు. పెట్రోలు వేడికి ఉబ్బును, చల్లదనమునకు తగ్గును. పది డిగ్రీల భేదమునకు 10 వేల లీటర్లలో రమారమి నూరు లీటర్ల తేడా కనబడును. ఒకటి రెండు దినముల లోటును చూచి దొంగ యనరాదు. నెలల తరబడి లోటు ఒకేవైపు పోవుచున్నచో అనుమానింపవలెను. అట్లని పుస్తకమొక్కదానినే నమ్ముటయు తగదు. సెకనుకు ఒక్క బొట్టు చొప్పున కారినను దినమునకు నాలుగు లీటర్లకు పైగా పోవును. సంవత్సరమునకు 1,500 లీటర్లు దాటును. ఇంతటి లీకు కొలకర్రకు అందదు. అందుచేత వారు తొట్లకును, గొట్టములకును బిగువు పరీక్షగూడ చేయించిరి. లోపము కనబడలేదు.

క్రొత్తగా పెట్టు బంకులు పాఠశాలలకు 50 మీటర్ల లోపల ఉండరాదనియు, తప్పనిసరియైనచో అధిక భద్రతా ఏర్పాట్లతో నైనను 30 మీటర్ల లోపలికి రారాదనియు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో నియమము చేసినది. ఈ బంకు అంతకంటె ఎంతో పాతది. అయినను వారు అడిగిన పరీక్షలన్నిటికి ఒప్పుకొనుట వారి పెద్దమనసు.

మూడవ పని నీరు ఏవైపునకు పారుచున్నదో కనుగొనుట. నేలక్రింది నీరు కంటికి కనబడదు. కాని మూడు బావులున్నచో దాని దారి తెలియును. మన బావి, కోవెల బావి, తూర్పు వీధిలోని ఒక యింటి బావి, ఈ మూడును త్రిభుజమువలె నున్నవి. మూడింటి అంచులను ఒకే సమమట్టమునకు సరిచూచి, నీటి లోతును ఒకే ఉదయమున కొలిచితిమి. ఎక్కువ ఎత్తున నున్న నీరు తక్కువ ఎత్తున నున్న చోటికి పారును. కాగితముపై త్రిభుజము గీచి, సమానమైన ఎత్తుగల బిందువులను గీతతో కలిపి, ఆ గీతకు లంబముగా బాణము వేసినచో పారుదల దిక్కు వచ్చును. ఈ లెక్కను మన అయిదవ తరగతి బాలబాలికలే గీచిరి. రేఖాగణితము ఎందులకు పనికివచ్చునని అడుగువారికి ఇదియే మా జవాబు. మోటార్లు త్రిప్పినచో పారుదల మారునని చెప్పగా, వానలు కురిసిన పిదప నవంబరులో మరల కొలిచితిమి. రెండుమార్లును బాణము పడమటినుండి తూర్పునకు, సముద్రమువైపునకే చూపెను. బంకు ఉత్తరమున నున్నది. పడమర నున్నది మన ఆటస్థలము.

ఆ బాణమును చూచినపుడు మాకు కలిగిన కలవరమును ఏమని చెప్పుదుము!

ఆటస్థలమును సంఘమువారు 1994లో కొనిరి. అంతకుముందు అచట లారీల షెడ్డు ఉండెను. బీరువాలోని పాత దస్తావేజును తీసి చూడగా, జతపరచిన పటములో ఒక మూలను చిన్న చతురస్రము గీచి, దానిలో తమిళమున ‘తొట్టి’ అని వ్రాసియున్నది. ఆ మాట తమిళమునకును తెలుగునకును ఒకటే గదా! నీటితొట్టి యనుకొని ముప్పది యేండ్లుగా ఎవరును అడుగలేదు. పేటలో నున్న వృద్ధుడగు ఒక లారీ డ్రైవరును అడుగగా, “అది డీజిలు తొట్టి, అయ్యా. షెడ్డు మూసేటప్పుడు మూతమీద మట్టి పోసేశారు. అడుగున మిగిలింది ఎవరూ తోడలేదు” అని చెప్పెను.

అయినను మాటను మాటగానే విడువలేదు. ప్రయోగశాలవారు ఆటస్థలమునకును బావికిని నడుమ సన్నని గుంటలు వేసి చూచిరి. పడమరకు పోయినకొలది వాసన హెచ్చెను. ఒక గుంటలో నీటిపై తేలిన నూనె దొరకెను. దానిని పరీక్షింపగా అది పాత డీజిలని తేలినది. నేలలోని సూక్ష్మజీవులు డీజిలులోని తిన్నని గొలుసుల వంటి పదార్థములను ముందు తినివేయునట. వానిలో ఎంత తరిగినదో చూచి నూనె పాతదో క్రొత్తదో చెప్పుదురు. గంధకముగూడ సాక్ష్యమిచ్చినది. 2020 ఏప్రిలునుండి మన దేశమున డీజిలులో గంధకము పదిలక్షల పాళ్ళకు పది పాళ్ళు మించరాదు. మన గుంటలోని నూనెలో అంతకంటె ఎంతో హెచ్చుగా నున్నది. అది బంకులో నేడు అమ్మెడి డీజిలు కాదు.

దొంగ పొరుగింట లేడు. మన యింటిలోనే యున్నాడు. తొందరపడి ఫిర్యాదు వ్రాసియున్నచో, నిర్దోషియైన మిత్రుని కోల్పోయి, చిల్లుపడిన తొట్టిని మన పిల్లల పాదముల క్రిందనే ఉంచుకొనియుందుము.

పాత తొట్టిని మనంతట మనము తెరచుట ప్రాణాపాయము. లోపలి ఆవిరి ఒక్క నిప్పురవ్వకు ప్రేలును. కావున అధికారులకు తెలిపి, అనుమతి గలవారిచేత 2025 మార్చిలో దానిని ఖాళీ చేయించి, వెలికి తీయించితిమి. దాని అడుగున వ్రేలు దూరునంత చిల్లులు రెండు కనబడినవి. ఆ సమయమున ఆటస్థలమునకు పిల్లలను రానీయలేదు.

ఇక మీ నిర్ణయమునకు వత్తుము. తొట్టి పోయినది, కాని ఇసుకలో ఇంకినది పోలేదు. నేలలోని సూక్ష్మజీవులు కాలక్రమమున కొంత తినివేయును. కాలిఫోర్నియాలో ఇట్టి చోట్లను పెక్కింటిని పరిశీలించినవారు, మూలమును తొలగించిన పిదప మాలిన్యము చాలచోట్ల కొంతదూరముననే ఆగిపోవుచున్నదని 1995లో ప్రకటించిరి. ఇది ధైర్యము నిచ్చు మాటయే. అయినను ఆగినదో ప్రాకుచున్నదో కొలిచి చూచినవారికే తెలియును. ప్రతి మూడు నెలలకు నీటిని పరీక్షింపవలెను; తేలెడి నూనెను తోడవలెను. మన బావికి తూర్పున, బాణము చూపెడి దారిలో, మూడు ఇండ్లవారు బోరునీటిని వాడుచున్నారు. వారి నీటిని మన ఖర్చుపై పరీక్ష చేయించవలెను. ఫలితము వచ్చువరకు వారికి మంచినీరు అందజేయవలెను.

కార్యవర్గమున కొందరు పెద్దలు, “ఈ సంగతి వీధికెక్కిన సంఘమునకు అప్రతిష్ఠ, పై అంతస్తుకై కూడబెట్టిన నిధి దీనికి పోవును” అని బాధపడుచున్నారు. వారి బాధ మాకు తెలియును. ఆ నిధికై ఇంటింటికి తిరిగి చందాలు వసూలు చేసినవారిలో మేమును ఒకరము. తమిళదేశమున తెలుగు బడిని నిలుపుట ఎంత కష్టమో ఈ సభకు చెప్పనక్కరలేదు. కాని ఆ మూడు ఇండ్లలో రెండు తమిళుల ఇండ్లు, ఒకటి మనవారిది. ఎవరి భాషయైనను నీరు ఒకటే. తన తొట్టినుండి కారినదానిని పొరుగువారికి చెప్పని సంఘము, పై అంతస్తు కట్టుకొని అందులో నీతిపాఠము ఎట్లు చెప్పగలదు? కట్టడము రెండేండ్లు ఆలస్యమైన మరల కట్టవచ్చును. ఆ ఇండ్లవారి నమ్మకము పోయిన, చందాలతో కొనలేము.

కావున ఆ నిధినుండి కావలసినంత ఈ పనికి వినియోగించుటకును, రేపే కార్యదర్శియు మేమును కలిసి ఆ మూడు ఇండ్లకు పోయి సంగతి యావత్తు చెప్పుటకును ఈ సభ అనుమతింపవలెనని ప్రార్థించుచున్నాము. తీర్మానపు ప్రతి అధ్యక్షులవారి యొద్ద నున్నది.

బాలబాలికలారా! మీరు గుర్తుంచుకొనవలసినవి నాలుగే. నీటికి వాసనయో, రంగో, రుచియో మారినచో ఆ దినమే పెద్దలకు చెప్పుడు. తేదీ వేసి వ్రాసికొనుడు. పెద్దలు నవ్విన మరల చెప్పుడు. కొలిచి చూడక ఎవరిని నిందింపకుడు.

చివరగా ఒక ఋణము తీర్చుకొనవలసియున్నది. జనవరినుండి జూలైవరకు, కొళాయినీరు రాని దినములలో, ఆ బావినీటితోనే వంట సాగినది. వైద్యుని పిలిపించి పిల్లలను పరీక్ష చేయించితిమి. బాధ ఏదియు కనబడలేదు. అది మా అదృష్టము గాని మా వివేకము కాదు. మొదటి దినముననే వినియున్నచో ఆ ఆరు నెలలు ఉండెడివి కావు. మూడుమార్లు చెప్పి, కాగితమును చూపినను తన మాటను విడువని మన వంటమ్మకు ఈ సభాముఖమున క్షమాపణ చెప్పుకొనుచున్నాము. ఆమె వెనుక వరుసలో కూర్చుండియున్నది. ఆమెను ముందునకు పిలిచి, ఈ యేటి మొదటి బహుమతిని ఆమెకు ఇప్పింపుమని అధ్యక్షులవారిని వేడుకొనుచున్నాము.